ఉరుకుందమ్మ రిజిస్టరు

ఊరి పేరు రాయను. రాస్తే నా మీద కేసు పెడతారు, రాయకపోయినా ఎవరికి తగలాలో వాళ్లకు తగులుతుంది. కర్నూలు నుంచి బస్సులో రెండు గంటల దూరం. పత్తి మిల్లులు, మగ్గాల వీధులు, ఒక పురపాలక సంఘం ఉన్న ఊరు. ఆ పురపాలక సంఘం గేటు పక్కన స్టూలు వేసుకుని ఇరవై రెండేళ్లుగా అర్జీలు రాస్తున్నాను. నా పేరు సుబ్బయ్య. లోపల కూర్చునేవాళ్లు మూడేళ్లకోసారి మారతారు, నేను మారలేదు. అందుకే లోపలి సంగతులు వాళ్లకంటే నాకే ఎక్కువ తెలుసు. సుబ్బయ్యకు కోపం జాస్తి అని అందరూ అంటారు. ఇది చదివాక జాస్తో తక్కువో మీరే చెప్పండి.

ఉరుకుందమ్మది ఆలూరు దగ్గర పల్లె. వాన పడితే సేద్యం, పడకపోతే సుగ్గి. సుగ్గి అంటే ఇంటికి తాళం వేసి, మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, గుంటూరు వైపు మిరపకోతలకు వలస పోవడం. ఆమె పన్నెండేళ్లు అట్లా పోయింది. ఆఖరుసారి పోయినప్పుడు మొగుడు మారెన్న అక్కడే జ్వరంతో పోయాడు. తిరిగొచ్చేసరికి పల్లెలో ఇంటి కప్పు కూలిపోయి ఉంది, గోడ రాళ్లు మరిది తోలుకుపోయాడు. ఆమె వెనక్కి తిరిగి మా ఊరి బస్టాండులో దిగింది. ఏడు నెలలు అక్కడే పడుకుంది.

ఆ యేడే పాత కాన్పుల ఆసుపత్రి భవనంలో నిరాశ్రయుల వసతి గృహం తెరిచారు. జనం నోట్లో అది సత్రం. మొదటిరోజు చేరినవాళ్లలో ఉరుకుందమ్మ ఒకతి. రెండో నెల వంటమనిషి మానేస్తే గరిటె తీసుకుంది. కొన్నాళ్లకు చూసుకునే బాధ్యతా ఆమెకే అప్పగించారు. రిజిస్టరు రాయాలి కదా అని నలభై దాటిన వయసులో నా స్టూలు పక్కన గోనెపట్ట వేసుకుని అక్షరాలు నేర్చుకుంది. నెల తిరక్కుండా పేర్లు రాసేసింది. ఎవరున్నారు, లేనివాళ్లు యాడికి పోయారు, ఏ పనికి పోయారు, అన్నీ ఆ రిజిస్టరులో ఉంటాయి. ‘చిత్తుకాగితాలకు పోయినాడు.’ ‘మిల్లులో మూటలు మోయడానికి పోయినాడు.’ అంత వివరం ఎవరూ అడగలేదు. ఆమెకు అట్లా రాయడమే తెలుసు.

సత్రంలో ముప్పై ఒక్కమంది. మంచాలు తొమ్మిదే, మిగిలినవాళ్లకు చాపలు. కిటికీ పక్క మంచం గిడ్డమ్మది. డెబ్బై దాటిన మనిషి, తుంటి విరిగితే పెద్దాసుపత్రిలో ఇనుపకడ్డీ వేసి, కుట్లు మానకముందే బయటికి పంపేశారు. ఆసుపత్రి గోడ పక్కన పడి ఉన్నదాన్ని ఉరుకుందమ్మ ఆటోలో వేసుకుని తెచ్చింది. లేచి నడవలేదు. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. “మే ఉరుకుందీ, సంగటిలో ఉప్పు తక్కువేసి నన్ను సంపుతాండావు” అని రోజూ తిట్టేది. “నువ్వు సస్తే నాకి తిట్టేవాళ్లు యాడ దొరుకుతారవ్వా” అని ఈమె నీళ్లు పోసి, తల దువ్వేది. సత్రం ఉంటే గిడ్డమ్మకు ఒక మంచం, ఒక మనిషి. సత్రం లేకపోతే మళ్లీ ఆసుపత్రి గోడే. ఇది గుర్తు పెట్టుకోండి.

సత్రం నడవడానికి డబ్బు పైనుంచి వస్తుంది. వచ్చిన డబ్బు పురపాలక సంఘం విడుదల చేయాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న మాట ఇట్లాంటి చోటే పుట్టి ఉంటుంది. ఆరు నెలలకోసారి తనిఖీ చేసి, మనుషులున్నారని అధికారి రాస్తేనే తర్వాతి ఆరు నెలల డబ్బు కదులుతుంది.

ఇక శ్రావణమాసం. మా పడమటి సీమలో శ్రావణం అంటే ఉరుకుంద ఈరన్న స్వామి. సోమవారం, గురువారం బస్సులు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు అన్నీ ఆ దారే పడతాయి. మొక్కు ఉన్నవాళ్లు అక్కడే వండి, పదిమందికి పెట్టాకే తాము తింటారు. ఓళిగలు, చిత్రాన్నం, ఎంత తింటే అంత. మా సత్రం వాళ్లకు యేడాదంతా చారూ సంగటే గనుక శ్రావణంలో నాలుగు గురువారాలు వాళ్లకు పండగ. నడవగలిగినవాళ్లందరూ పోతారు. ఆ స్వామి ఊరి పేరే పెట్టుకున్న ఉరుకుందమ్మ మాత్రం కదలలేని వాళ్ల దగ్గర ఉండిపోతుంది.

మూడో గురువారానికి ముందురోజు హనుమేష్ ఫోన్ చేశాడు. సత్రాన్ని పురపాలక సంఘం తరఫున నడిపే సొసైటీ మనిషి అతను.

“అక్కా, రేపు తనిఖీ ఉంటాదంట. ఎవరూ లేకపోయినా అందరి పేర్ల ముందర సంతకాలు, వేలిముద్రలు ఏసెయ్. అన్ని ఊర్లల్లో అట్లే చేస్తాండారు.”

“వాళ్లు ఈరన్న కాడికి పోతారప్పా. స్వామి కాడికి పోయినోళ్లను ఈడ ఉండారని దొంగ ముద్ర ఏస్తే కండ్లు పోతాయి.”

“కండ్లు పోవు, దుడ్లు పోతాయి” అన్నాడు హనుమేష్. అతను చెప్పిందే నిజమైంది. కానీ మా వైపు ఈరన్న పేరు మీద అబద్ధమాడే మనిషి పుట్టలేదు. పొలం గట్టు తగాదాలు కూడా ఆయన మీద ఒట్టు వేయించే తీరుస్తారు. ఉరుకుందమ్మ గురువారం పొద్దున రిజిస్టరు తీసి ఇరవై ఏడు పేర్ల ముందు ‘ఉరుకుంద పోయినారు’ అని ఇరవై ఏడుసార్లు రాసింది. చేయి నొప్పి పుడితే విదిలించుకుని మళ్లీ రాసింది.

పదకొండు గంటలకు తనిఖీ చేసే మున్సిపాల్టీ అధికారి చంద్రమోహన్ సారు వచ్చాడు. పట్టుపంచె, నుదుట కుంకుమ. కారు ఇంజను ఆపలేదు. లోపల భార్యాబిడ్డలు, వెనక డిక్కీలో మూతకట్టిన పెద్ద గిన్నెలు. గిన్నెలు చూసి ఉరుకుందమ్మ ముఖం విప్పారింది.

“ఈరన్న కాడికేనా సారూ? మావోళ్లూ ఆడికే పోయినారు.”

“ఊఁ” అన్నాడాయన. నలుగురిని లెక్కపెట్టాడు. గిడ్డమ్మ మంచం దగ్గర ఒక్క నిమిషం కూడా నిలబడలేదు. రిజిస్టరు చూడకుండానే సంతకం చేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం తిరిగొచ్చినవాళ్లలో చిన్నన్న అందరికంటే హుషారుగా ఉన్నాడు. గుంతమగ్గంలో ముప్పై యేళ్లు కూర్చుని మోకాళ్లు పోగొట్టుకున్న నేతగాడు. టవల్లో మూటకట్టి తెచ్చిన ఓళిగలు గిడ్డమ్మ ఒళ్లో పెట్టి, “ఎవరు పెట్టినారో చెప్పు అవ్వా” అన్నాడు. “పోయిన యేడు జెండా పండగకు అరిటిపండ్లిచ్చి ఫొటో దిగినాడే, మున్సిపాల్టీ సారు, ఆయప్పనే. మమ్మల్నందర్నీ వరసగా కూకోబెట్టి తన చేత్తోనే వడ్డించినాడు. శానా మంచోడు.”

ఆ శానా మంచోడు రాసిన నివేదిక పది రోజుల తర్వాత నా కంటబడింది. ‘ముప్పై ఒక్కమందికి గాను నలుగురే ఉన్నారు. ఊరిలో నిరాశ్రయులు లేనందున వసతి గృహం అవసరం లేదు.’ పదకొండు గంటలకు లేరని రాసినవాళ్లకే రెండున్నరకు విస్తరి వేసి వడ్డించాడు! పుణ్యానికి పేదవాళ్లు కావాలి, లెక్కకు అక్కర్లేదు. ఇరవై రెండేళ్లలో నేను చాలా దొంగరాతలు చూశాను. ఇంత భక్తిగా రాసినది చూడలేదు.

ఆ నెల కౌన్సిలు సమావేశంలో సత్రానికి పెట్టిన సొమ్ము ఊరి మొదట్లో కట్టే స్వాగత తోరణానికి, రంగు దీపాలకు మళ్లించారు. ఊళ్లోకి రమ్మని పిలిచే తోరణం! రెండు నిమిషాల్లో అయిపోయింది. సొసైటీ తప్పుకుంది. సత్రానికి తాళం పడింది.

సోమవారం అర్జీల రోజున ఉరుకుందమ్మను తీసుకుని నేనే లోపలికి వెళ్లాను. అర్జీ కమిషనరు చేతిలో పెట్టాను. పక్కన చంద్రమోహన్ నిలబడి ఉన్నాడు.

“ఆ రోజు మనుషులు లేరు కదమ్మా” అన్నాడు కమిషనరు.

“లేరు సారూ. ఈరన్న కాడికి పోయినారని నేనే రాసినా. ఆ పొద్దు మీ ఆఫీసులో ఎంతమంది ఉండిరి?”

ఆ గురువారం గేటు దగ్గర ఉన్నది నేను. లోపల ఇద్దరు అటెండర్లు తప్ప పిట్ట లేదు, హాజరు పుస్తకంలో మాత్రం అందరి సంతకాలూ ఉన్నాయి. ఆ మాట నేను గొంతెత్తి చెప్పాను.

“మాది మూసినట్టే దీన్నీ మూసేయండి మల్ల” అంది ఉరుకుందమ్మ. “మీవోళ్లూ మావోళ్లూ ఒగ పంక్తిలోనే తిన్యారు. పెట్టినాయప్ప ఈడనే ఉండాడు, అడుగు.”

కమిషనరు చంద్రమోహన్ వైపు చూశాడు. ఆయన కిటికీ వైపు చూశాడు. మళ్లీ తనిఖీ చేయమని కమిషనరు అర్జీ మీద రాశాడు. గెలిచామనుకుని నేను ఆమెకు టీ ఇప్పించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మళ్లీ తనిఖీ అంటే ఎప్పుడో రాయలేదు. ఆ కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు పోవడానికి నలభై మూడు రోజులు పట్టింది.

ఆ నలభై మూడు రోజులూ సత్రం వాళ్లు బస్టాండులో ఉన్నారు. గిడ్డమ్మను చాప మీద వేసి నలుగురు మోసుకొచ్చి ఫ్యాను కింద పడుకోబెట్టారు. ఉరుకుందమ్మ ఒక మెస్సులో అంట్లు తోమే పనికి కుదిరి, పొద్దునా మధ్యాహ్నం గిన్నెలో అన్నం తెచ్చి తినిపించేది. “మే, ఈ అన్నం కన్నా నీ సంగటే మేలే” అని గిడ్డమ్మ మొదటిసారి మెచ్చుకుంది. ఆ మాట చెబుతూ ఉరుకుందమ్మ నా స్టూలు దగ్గర నవ్వింది. అదే ఆఖరు నవ్వు నేను చూసింది.

ముప్పై ఆరో రోజు ఎవరో పెద్దాయన తోరణం ప్రారంభించడానికి వస్తున్నాడని ఊరు శుభ్రం చేశారు. ఊరు శుభ్రం చేయడమంటే మురిక్కాలువలు తీయడం అనుకునేరు. పురపాలక ట్రాక్టరు బస్టాండులోకి వచ్చింది. కాళ్లున్నవాళ్లు పరుగెత్తారు. చిన్నన్న కుంటుకుంటూ హోటలు వెనక్కి పోయాడు. గిడ్డమ్మను చాపతో సహా ఎత్తి ట్రాక్టరులో వేశారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. మధ్యాహ్నం ఉరుకుందమ్మ అన్నం గిన్నెతో వచ్చేసరికి ఆ చోటంతా కడిగి, అంచున బ్లీచింగు పొడితో తెల్లగా గీత గీసి ఉంది.

ఎక్కడ దించారని ఉరుకుందమ్మ అడగని మనిషి లేడు. డ్రైవరు తాను తోలలేదన్నాడు. పారిశుద్ధ్యం వాళ్లు ట్రాక్టరే బయటికి తీయలేదన్నారు. పోలీసు స్టేషనులో నేను రాసిన ఫిర్యాదు చూసి, “నీకేమవుతుంది? రక్తసంబంధమా?” అని అడిగారు. “సంగటి పెట్టినా” అంది ఈమె. ఆ గడిలో రాయడానికి అది కుదరదన్నారు. గిడ్డమ్మదీ ఆలూరు వైపే, ఆ పల్లెకు పోయి చూసింది. ఎర్రగుంట్ల రైల్వేస్టేషనులో ఒక ముసలామె నడవలేక పడి ఉందని లారీవాళ్లు చెబితే అంత దూరమూ పోయింది. ఆమె ఎవరో వేరే మనిషి. ఆమెకు అన్నం కొనిపెట్టి తిరిగొచ్చింది.

వారం తర్వాత సత్రం తలుపులు తెరిచి తనిఖీ చేశారు. మళ్లీ చంద్రమోహనే. ఈసారి మెల్లగా లెక్కపెట్టాడు. ముప్పైమంది వచ్చి కూర్చున్నారు. కిటికీ పక్క మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది, మనిషి లేదు. సారు రిజిస్టరు చివరిదాకా చూసి, ఒకచోట వేలు పెట్టాడు.

“ఈమె లేదు కదా. పేరు కొట్టెయ్. మంచం ఇంకొకరికియ్యి.”

ఉరుకుందమ్మ పెన్ను తీసి ఆయన చేతికిచ్చింది.

“యాడ దించినారో ఆ పేరు పక్కన రాయి సారూ. రాసినాక నువ్వే కొట్టెయ్. పోయినసారి నువ్వొచ్చిన పొద్దు ఆయమ్మ ఈడనే ఉండె. నీ నలుగుర్లో ఆయమ్మ ఒగతి.”

ఆయన పెన్నును రిజిస్టరు మీద పెట్టి, గడియారం చూసుకుని వెళ్లిపోయాడు. ముప్పైమంది ఉన్నారని రాశాడు. తర్వాతి ఆరు నెలల డబ్బు విడుదలైంది. ఊరి మొదట్లో తోరణం కూడా రంగురంగులుగా వెలుగుతోంది.

రిజిస్టరు ఇప్పటికీ ఉరుకుందమ్మే రాస్తుంది. చిత్తుకాగితాలకు పోయినవాళ్లు, మూటలకు పోయినవాళ్లు అయ్యాక కింద ఒక వరస ఉంటుంది. ‘గిడ్డమ్మ. మున్సిపాల్టీ ట్రాక్టరులో పోయింది. ఇంకా రాలేదు.’ విడుదలైన డబ్బు నెలనెలా సత్రానికి అందాలంటే నెలాఖరున ఆ పేజీల నకలు ఆఫీసుకు పోవాలి, ప్రతి పేజీ అడుగున అధికారి సరిచూసినట్టు సంతకం చేయాలి. నకళ్లు తీయించి లోపలికి పంపేది నేనే కనుక నాకు తెలుసు. ఐదు నెలలుగా ఆ వరస కింద చంద్రమోహన్ సంతకం చేస్తూనే ఉన్నాడు.