కొత్తిమీర బకెట్లు

రాస్ అల్ ఖైమాలో మా క్వారీ క్యాంపుకి ఫైరింజన్ రావాలంటే చాలా దూరం. అందుకే మంటలార్పే పని మా కరీంనగర్ మేస్త్రి తనంతట తానే నెత్తినేసుకున్నాడు. నెలకో శుక్రవారం వచ్చి, గదుల ముందు ఇసుక బకెట్లలో మేం పెంచే కొత్తిమీర పీకేసేవాడు.

“మంటొస్తె ఏం జల్లుతర్రా, కొత్తిమీరా?”

మేం మళ్లీ ధనియాలు చల్లేవాళ్లం.

ఓ సాయంత్రం వంటగదిలో స్టవ్ పేలింది. బకెట్లు బోర్లించాం. రోజూ నీళ్లు పోసిన ఇసుక గడ్డకట్టి కదల్లేదు. చెక్కగోడ అంటుకునేలోగా మేస్త్రి, ఇంటికి తీసుకెళ్లాలని కొన్న కొత్త బ్లాంకెట్ తడిపి మంటమీద కప్పేశాడు.

“ఖలాస్,” అన్నాడు. అంతే.

మర్నాడు కొత్తిమీర మేమే పీకి, ఆయన ముందు తలొంచుకు నిలబడ్డాం.

“పారెయ్యకుండ్రి, పప్పుల ఎయ్యుండ్రి. ఇన్ని దినాల సంది నాకు మాత్రం తినబుద్ధి గాలేదా?”