వంటక్క ఎండుమిర్చి

బహ్రెయిన్‌లోని బుదైయాలో మా జర్మన్ సారు విల్లాలో నేను డ్రైవరుని, రాజోలు అక్క వంటమనిషి. సారు సొంతూరి చిన్న ఫుట్‌బాల్ జట్టు లీగు తర్వాత లీగు ఎక్కుతుంటే, ఆమె ఆయన జెర్సీకి ఎండుమిర్చితో దిష్టి తీసేది.

ఆ సాయంత్రం గెలిస్తేనే మళ్లీ పై లీగు. ఇంకా పది నిమిషాలుంది, స్కోరు సమానం. సారు ఫోనులో ఆట చూడలేక గోడవైపు తిరిగాడు. అక్క దిష్టి తీసి మిరపకాయలు పెనం మీద మాడ్చింది.

"ఘాటే రాలేదు తమ్ముడూ! దిష్టి గట్టిగా తగిలేసింది," అంది.

ఎగ్జాస్ట్ ఫ్యాను వేసింది నేనేనని చెప్పే ధైర్యం లేక మెల్లగా ఆపేశాను. ఆమె ఇంకో గుప్పెడు వేసింది. పొగకు అలారం మోగింది. ముగ్గురం దగ్గుతూ బయటికి పరుగెత్తాం. ఫోను లోపలే ఉండిపోయింది.

పొగ తగ్గాక చూస్తే జట్టు గెలిచింది. సారు నన్ను ఎత్తి తిప్పాడు. నా బరువుకు అదీ ఒక గెలుపే. అక్క మాత్రం ఖాళీ మిర్చి డబ్బా చూసుకుంటోంది.

"పైకెళ్లేకొద్దీ కళ్లెక్కువ తమ్ముడూ. ఈసారి ఊర్నించి రెండు కిలోలు తెప్పించాలి."