కళ్లకద్దుకున్న వేళ్లు

హిందూపురంలో ఒక రేకుల ఫ్యాక్టరీకి నేను సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు, పెనుకొండ నుంచి వచ్చే ఒకాయన ప్రెస్సు మిషను నడిపేవాడు. రోజూ పొద్దున్నే, కింద రేకు ముక్కలున్నా సరే, చెప్పులు విడిచేవాడు. మిషనును కుడిచేత్తో తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకునేవాడు. ఆ తర్వాతే స్విచ్చి వేసేవాడు.

ఒక ఏడు ఆయుధపూజకు మిషను కడిగి బొట్లు పెట్టడానికని, చెయ్యి లోపలికి పోకుండా అడ్డుండే ఇనుప జాలీ విప్పాం. పండగ మర్నాడు ఆయనే దాన్ని మోసుకొచ్చి, "ఇది బిగించల్ల గదా సార్?" అన్నాడు.

జాలీ లేకపోతే పని జోరుగా సాగుతుందని నాకు తెలుసు. "ఆడ పెట్టప్పా, చూద్దాంలే" అన్నాను.

నాలుగో రోజు ఆయన కుడిచేతి వేళ్లు మూడు తెగిపోయాయి.

ఆసుపత్రిలో నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు: "తప్పు నాదే సార్. ఆ పొద్దు మొక్కుకునేది మర్చిపోయింటా. లేకుంటే ఇట్లెందుకవుతాది?"

నాకు అంతకంటే ఏం కావాలి? పనివాడి అజాగ్రత్త అని రిపోర్టు రాసిచ్చాను.

ఆయన మర్చిపోలేదు. ఆ పొద్దున ఆయన చెప్పులు విడిచి, మిషను తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుంటుంటే నేను పక్కనే నిలబడి చూశాను.