తొమ్మిదో గ్రీన్ మీద దొర్లిన బంతి

తబిత మోకాళ్ళ మీద కూర్చుని, గుంట తవ్వే గొట్టాన్ని రెండు చేతులతో తిప్పుతోంది. అటు కొంచెం, ఇటు కొంచెం. బలం ఎక్కువైతే అంచు చిరుగుతుంది, తక్కువైతే దిగదు. దిగాల్సినంత దిగిన సంగతి ఆమెకు మణికట్టులో తెలిసింది. గొట్టాన్ని పైకి లాగి లోపలి మట్టిముద్దను అరచేతిలోకి తోసుకుంది. పైన పొట్టిగా కోసిన గరిక, దాని కింద నల్లటి ఒండ్రు చార, ఆ కింద ఇసుక. తెల్లటి వేళ్ళు ఒండ్రును చీల్చుకుని ఇసుకలోకి దిగి ఉన్నాయి.

"దిగాయి వదినా," అంది తబిత.

పక్కన బకెట్టు పట్టుకున్న వీరమ్మ వంగి చూసింది. "ఏంటే ఆ చూపు? మనవడు పుడితే కూడా నేనలా చూసుకోలేదు. వేళ్ళేగా!"

"వేళ్ళే. అవి దిగకపోతే ఇక్కడ షామియానా లేచేది."

తెల్లటి డబ్బాను గుంటలో దించి, చిన్న కత్తెరతో అంచు చుట్టూ లేచిన పోచలు ఒక్కొక్కటీ కత్తిరించింది. కొవ్వూరు దిగువన, ఏటిగట్టు లోపలున్న ఆ గోల్ఫ్ మైదానానికి తొమ్మిది గుంటలు. గుంట చుట్టూ నున్నగా పెంచే పచ్చికను అక్కడ అందరూ గ్రీన్ అనే అంటారు. క్రిస్మస్ ముందరి ఆదివారం అది. పొద్దెక్కాక కప్పు ఫైనల్.

తబితది కడియం దగ్గర పల్లె. పదో తరగతి తప్పాక నర్సరీలో చేరి అంట్లు కట్టడం నేర్చింది. జాషువాను పెళ్ళి చేసుకుని ఇటు వచ్చాక ఈ మైదానంలో కలుపు తీతకు కుదిరింది. గోల్ఫ్ అంటే ఏమిటో అప్పటికి తెలియదు, గరిక తెలుసు. పొలంలో దొరికిన గరికనల్లా పీకి గట్టు మీద పారేసే ఇంట్లో పుట్టి, ఇక్కడ అదే గరికకు నీళ్ళు కట్టి, ఎరువేసి, క్షౌరం చేయాల్సి రావడం చూసి మొదట్లో నవ్వుకుంది. తరవాత చెప్పులు విడిచి దాని మీద నడవడం మొదలుపెట్టింది. ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ బిగిసిందో పాదానికి తెలిసేది. ఫోన్లో వీడియోలు చూసి కోత యంత్రం బ్లేడు సానబట్టుకుంది. ఇప్పుడు మైదానమంతా ఆమె చేతి కిందే ఉంది.

మొన్న వానాకాలం వరదకు పల్లంగా ఉన్న తొమ్మిదో గ్రీన్ మునిగింది. నీరు తీశాక ఒండ్రు ఎండి పెంకులా బిగిసింది. ఎలాగూ పోయింది కదా, అక్కడ పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే లాన్ వేద్దామని కమిటీలో మాటొచ్చింది. బాగుచేస్తానని తబిత ఒక్కతే అంది. క్లబ్ సెక్రటరీ అప్పారావుగారు రిటైరైన బ్యాంకు మేనేజరు. కాదనలేదు, ఔననీ అనలేదు.

"ఫైనల్ దాకా నీకు అప్పజెబుతున్నాను తబితా. ఆ రోజు ఆటలో ఆ గ్రీన్ మీద బంతి ఎలా దొర్లిందో ఆడినవాళ్ళనే అడుగుతాను. బాగుందంటే ఉంచుదాం, లేదంటే లాన్. ఆ రోజు మళ్ళీ నాకు అప్పజెప్పెయ్."

"ఆయ్, అలాగేనండి."

ఆ సాయంత్రమే చుట్టూ మేకులు కొట్టి తాడు కట్టింది, ఎవరూ తొక్కకుండా. తాపీతో ఒండ్రు గీకింది. ఇనుప చువ్వతో బొక్కలు పొడిచి ఇసుక నింపింది. కడియం నుంచి గరిక తీగలు తెచ్చి చేతివేళ్ళతో నాటింది. ఇవాళే మొదటిసారి తాడు ఒకవైపు విప్పింది.

ఇప్పుడు ఆమెను వరద కాదు, మర్యాద భయపెడుతోంది.

కప్పు ఆటలో మొత్తం దెబ్బల లెక్క ఉండదు. ఒక్కో గుంటకు తక్కువ దెబ్బల్లో బంతి వేసినవారిదే ఆ గుంట. ఎక్కువ గుంటలు గెలిచినవారిదే ఆట. అందులో ఒక పద్ధతి ఉంది. ఎదుటివారి బంతి గుంటకు బాగా దగ్గరగా ఉంటే, ఎలాగూ వేస్తారు కదా అని, కొట్టకుండానే ఇచ్చేయవచ్చు. ఇమ్మని అడగకూడదు. ఇచ్చాక వెనక్కి తీసుకోకూడదు. ఇచ్చింది వద్దనడానికీ లేదు. అన్నిచోట్లా జానెడో మూరెడో దూరానికి ఇస్తారేమో కానీ, ఇక్కడి పెద్దమనుషులు పెరుగన్నం దగ్గర విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా ఇంకో గరిటె వేసే రకం. "ఇచ్చేశానండి, తీసుకోండి, తీసుకోండి" అని బారెడు దూరంలో ఉన్నవి కూడా ఇచ్చేస్తారు. అలా ఇచ్చేసుకుంటే తొమ్మిదో గ్రీన్ మీద బంతి దొర్లదు. దొర్లని బంతి గురించి అప్పారావుగారికి ఎవరేం చెబుతారు?

పైగా ఫైనల్‌కు వచ్చినవాళ్ళు అలాంటివాళ్ళు. ఒకరు శ్యామలాంబగారు, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఇంకొకరు రైసుమిల్లు పల్లంరాజుగారు, ఒకప్పుడు ఆమె దగ్గరే చదువుకున్నారు. గురువుగారి చేత నాలుగడుగుల దూరంలోని బంతి కొట్టించడం ఆయన దృష్టిలో ఆవిడను బెంచీ ఎక్కించినంత తప్పు.

అనుకున్నట్టే అయింది. మొదటి గుంట నుంచీ వడ్డనే. అయిదో గుంట దగ్గర శ్యామలాంబగారు ఇచ్చేశాక కూడా పల్లంరాజుగారు సరదాకి, దొర్లించే కర్ర పటర్‌తో బంతిని తట్టారు. అది గుంట పక్కనుంచి పోయింది.

"పోయిందిగా రాజుగారూ!" అని చూసేవాళ్ళలో ఎవరో అరిచారు.

"ఇచ్చాక ఇచ్చినట్టే," అన్నారు శ్యామలాంబగారు. "అది వేసినట్టే లెక్క. కాకపోతే పల్లంరాజూ, ఊరికే వచ్చినదాన్ని మళ్ళీ పరీక్షకు పెట్టకు. పరువు పోతుంది."

అందరూ నవ్వారు. వెనకాల నడుస్తున్న తబిత మాత్రం నవ్వలేకపోయింది.

ఎనిమిది గుంటలయ్యేసరికి ఇద్దరూ సమానం. తొమ్మిదో గ్రీన్ చుట్టూ అప్పారావుగారితో సహా జనం చేరారు. పల్లంరాజుగారు బయటినుంచి లేపిన బంతి ఎగిరొచ్చి గుంట పక్కనే కూలబడింది, ఒక్క చుట్టైనా దొర్లకుండా.

"ఇచ్చేశాను, తీసుకో," అన్నారు శ్యామలాంబగారు. దాంతో ఆయనకు నాలుగు దెబ్బలయ్యాయి.

ఆవిడ మూడు దెబ్బలు కొట్టారు. బంతి గుంటకు బారెడు దూరంలో ఉంది. వేస్తే సమానం, ఆట సాగుతుంది. పోతే కప్పు పల్లంరాజుగారిది. బంతికీ గుంటకూ మధ్య ఉన్నది సరిగ్గా ఒండ్రు అన్నిటికన్నా మందంగా పేరుకున్న జాగా. తబితకు తెలుసు. చెప్పకూడదనీ తెలుసు, ఆట మధ్యలో బయటివాళ్ళు దారి చెప్పకూడదు. గుంటలో జెండా నిలబడి ఉంది. ఇంతవరకు ఎవరూ తీయమనలేదు, ఇచ్చిపుచ్చుకునే ఆటలో దాని అవసరమే రాలేదు.

పల్లంరాజుగారు చేయి పైకెత్తడం తబిత చూసింది. ఆ చేయి ఏమనబోతోందో పొద్దుట్నుంచీ చూస్తూనే ఉంది. మైదానంలో పనిచేసే మనిషిగా తను అడగదగ్గ మాట ఒక్కటే మిగిలింది. చెప్పులు పచ్చిక అంచున విడిచి ముందుకొచ్చింది.

"జెండా తీయమంటారా అమ్మగారూ?"

కొట్టే ఉద్దేశం ఉంటేనే జెండా తీసేది. శ్యామలాంబగారు ఆమె వైపు చూశారు. తరవాత కత్తెర పడిన గుంట అంచు వైపూ, ఇంకా మూడువైపులా కట్టి ఉన్న తాడు వైపూ చూశారు.

"తియ్యమ్మా."

"అయ్యో, ఎందుకండీ!" అన్నారు పల్లంరాజుగారు. "సమానం చేసేసుకుందాం. కావాలంటే కప్పు ఇద్దరం చెరో ఆర్నెల్లూ..."

"నోరు విప్పకు పల్లంరాజూ! ఇచ్చేశానన్న మాట నీ నోట్లోంచి వచ్చిందంటే కాదనే హక్కు నాకుండదు. అందుకే రాకముందే చెబుతున్నా. పరీక్షలో నీకెప్పుడైనా ఊరికే మార్కులు వేశానా?"

"లేదండి. ఒకసారి తప్పించారు కూడానండి."

"మరి నాకు నువ్వు వేస్తావేంటి? పాపం, ఈ అమ్మాయి ఇంత పచ్చిక పెంచింది. మనం దాని మీద నిలబడి కబుర్లు చెప్పుకుని పోదామా?"

రాజుగారు చెయ్యి దించి రెండడుగులు వెనక్కి వేశారు. తబిత జెండా తీసుకుని అంచుకు పోయి నిలబడింది. కాళ్ళ కింద గరిక చల్లగా ఉంది.

శ్యామలాంబగారు వంగి ఒకసారి చూసి, కొట్టారు. బంతి ఎగరలేదు, వణకలేదు. బొక్కలు పొడిచిన చోటు దాటింది, తీగలు నాటిన చోటు దాటింది. గీత గీసినట్టు పోయి, గుంట అంచును ఒరుసుకుని, జానెడు అవతల ఆగింది.

అయ్యో అని చుట్టూ ఒక్కసారిగా గొంతులు లేచాయి. శ్యామలాంబగారు మాత్రం నడుము నిటారుగా చేసి నవ్వారు.

"అప్పారావుగారూ, చూశారా? నేను ఎక్కడికి కొట్టానో అక్కడికే పోయింది. వెంట్రుకవాసి కుడికి కొట్టాను, వెంట్రుకవాసి కుడికే పోయింది. తప్పు నాది, పచ్చికది కాదు. ఈ మైదానంలో ఇంత నమ్మకమైన గ్రీన్ ఇంకోటి లేదు." పల్లంరాజుగారి వైపు తిరిగి చెయ్యి చాపారు. "కప్పు నీది. బాగా ఆడావురా అబ్బాయ్."

ఆయన ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకున్నారు.

అప్పారావుగారు గ్రీన్ మీదికొచ్చి బంతి నడిచిన దారినే అరచేతితో తడిమారు. వెతికినా పైకి ఒండ్రు జాడ దొరకలేదు. "పెళ్ళివాళ్ళు ఇంకోచోటు చూసుకుంటారులే," అన్నారు.

"నాకు తెలుసు, నాకు పొద్దున్నే తెలుసు!" అని బకెట్టుతో సహా ఊగిపోయింది వీరమ్మ. "వేళ్ళు చూశాంగా మేము!"

జనం కప్పు వెంట క్లబ్బు వైపు కదిలారు. తబిత మాత్రం వెళ్ళలేదు. మడమలు దిగిన చోట్ల గరికను వేళ్ళతో లేపి సర్దింది. గుంట అంచు తుడిచింది. జెండా నిలిపింది. ఆ తరవాత మూడువైపులా మిగిలిన తాడు విప్పి, మేకులు పీకి, తాడును మోచేతికి చుట్టలు చుట్టుకుంటూ అప్పారావుగారి దగ్గరికి వచ్చింది.

"ఇక దీంతో పని లేదండి. తొమ్మిదో గ్రీన్, మీకు అప్పజెప్పాను," అని తాడు చుట్టను ఆయన చేతుల్లో పెట్టింది.