పోచయ్య బుల్లెట్‌కు కొత్త బ్యాటరీ

పోచయ్య బుల్లెట్ ఇంకొకరి దుకాణం ముందు నిలబడి ఉండటం మెకానిక్ జానీ పాషా ఒక మంగళవారం పొద్దున చూశాడు. చాయ్ తాగడానికి పాత బస్టాండు దాకా వచ్చినవాడు గ్లాసు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా సిద్దిపేటలో ఆ బండి మీద తనది తప్ప ఇంకో మెకానిక్ చెయ్యి పడలేదు. ఇప్పుడు దాని పక్కన రుచిత కూర్చుని మీటరు తీగలు పెట్టి చూస్తోంది. తండ్రి పోయాక ఆయన బ్యాటరీల దుకాణాన్ని ఆమే నడుపుతోంది.

పోచయ్య ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. మోకాలి ఆపరేషన్ అయ్యాక కిక్ కొట్టొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. బండి అమ్మడానికి మనసొప్పక, బటన్ నొక్కితే స్టార్టయ్యేలా దానికి సెల్ఫ్ పెట్టమని పాషాను అడిగాడు. పాషా తొమ్మిది రోజులు కూర్చుని, ఆ పాత ఇంజనుకు సెల్ఫ్ మోటారు పుట్టుకతో వచ్చినట్టు బిగించాడు. బ్యాటరీ దగ్గరే దెబ్బతిన్నాడు. బండికున్న పాత బ్యాటరీ పెట్టెలో సరిగ్గా పడుతుందని, కంప్యూటర్ యూపీఎస్‌లో వేసే బ్యాటరీ పెట్టాడు. బటన్ నొక్కితే టక్కుమంది, అంతే. మోటారుకు కరెంటు అందించే రిలే మార్చాడు. మళ్లీ టక్కు. "రెండ్రోజులాగు పోచయ్యన్నా," అన్నాడు. పోచయ్య ఆగలేదు.

పాషా చాయ్ గ్లాసుతోనే నాలుగడుగులు ముందుకు వేసి, పోచయ్య వెనకాల నిలబడ్డాడు.

"గిది కరెంటు పోతే కంప్యూటర్‌కు మెల్లగ ఇచ్చే బ్యాటరీ పెద్దబాపు," అంటోంది రుచిత. "సెల్ఫ్ మోటారు అట్ల కాదు. నొక్కంగనే బలమంత ఒక్కసారి గుంజుకుంటది. గంత బలం దీనికాడ లేదు."

"మరి గా చిన్న లిథియంది? పాత పెట్టెలనే పడ్తదంటున్నరు."

"పడ్తది. నాకు లాభం గూడ అండ్లనే ఎక్కువ. కానీ నీ బండి ఛార్జింగు ఒక్క తీరుగ లేదు, ఇప్పుడే చూసిన. రెగ్యులేటర్ మార్చినా గంత సున్నితమైన బ్యాటరీ నీకియ్య. సెల్ఫ్ బండ్లకని చేసిన సీల్డ్‌ది, పద్నాలుగు ఆంపియర్లది, గిది తీస్కో. పెట్టె జర వెడల్పు చెయ్యాలె. గా పని పాషా చాచాతోనే చేయించు, ఇంకెవ్వర్ని ముట్టనియ్యకు."

తన పేరు వినగానే పాషాకు ఒళ్లు మండింది. తిట్టినా అంత మండేది కాదేమో. అన్నిటికంటే ఎక్కువగా మండించింది పోచయ్య ముఖం. తల కొద్దిగా వంచి, చిన్నపిల్లాడిలా శ్రద్ధగా వింటున్నాడు. ఇన్నేళ్లూ ఆ ముఖంతో పోచయ్య విన్నది పాషా మాటలే.

ఇంట్లో భార్య జోహ్రాకు చెప్పాడు. "ఆ పిల్ల మంచిగనే చెప్పింది గదా," అంది ఆమె.

"నువ్వు గూడ ఆమె దిక్కేనా?" అని అన్నం ముందునుంచి లేచిపోయాడు.

పోచయ్య బండి తెచ్చిచ్చాక, పెట్టె మాత్రం అద్భుతంగా చేశాడు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. కొత్త రెగ్యులేటర్ బిగించాడు, కొత్త బ్యాటరీ కూర్చోబెట్టాడు. చివరికి ఎర్త్ వైరు మిగిలింది. అది ఫ్రేముకు బిగించే చోట రంగు గీకేసి, ఇనుము తేలాక నట్టు వెయ్యాలి. రంగు మీద బిగిస్తే కరెంటు సరిగ్గా పారక, కొన్నాళ్లు నడిచి మొరాయిస్తుంది. అప్పుడు చెడ్డపేరు వచ్చేది బ్యాటరీకి, దాన్ని అమ్మిన మనిషికి. పాషా గరుకు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు చూశాడు. దాన్ని మళ్లీ గూట్లో పెట్టి, రంగు మీదనే నట్టు బిగించేశాడు.

ఆదివారం పోచయ్య, భార్య లక్ష్మీబాయి ఆ బండి మీద హుస్నాబాద్‌లో చుట్టాలింటికి వెళ్లారు. తిరిగివస్తూ నీళ్లు తాగుదామని దారిలో ఆగారు. మళ్లీ బటన్ నొక్కితే బండి కదల్లేదు. మిట్టమధ్యాహ్నం, చుట్టూ పత్తి చేన్లు. భార్య వద్దంటున్నా పోచయ్య కిక్ కొట్టాడు, ఒకటి కాదు, పది.

మర్నాడు లక్ష్మీబాయే షెడ్డుకు వచ్చింది. "మోకాలు కుండలెక్క వాసింది పాషా. బండిని ట్రాలీ ఆటోల ఏస్కొచ్చినం. గా బ్యాటరీ పిల్లను పిలిచి మా ఆయన నోటికొచ్చినట్టు తిట్టిండు. ఆమె ఒక్క మాటన్న అనలే. అంత చూసి, ఎర్త్ వైరు వదులైంది, ఎవరి తప్పు లేదు, పాషా చాచాతోనే బిగించుకోండి అన్నది."

ఆమె వెళ్లాక పాషా షెడ్డు మూసి, నేరుగా రుచిత దుకాణానికి నడిచాడు.

"నట్టు వదులుగ లేకుండె కద బిడ్డా."

"లేకుండె చాచా. కింద రంగుండె."

"మరి గట్లెందుకు చెప్పినవ్?"

రుచిత చేతులు తుడుచుకుంటూ అతని వైపు చూసింది. "నీ పేరు పోతే గీ పాత బండ్లను ఎవరు నడిపిస్తరు? నాకు రాదు. బండ్లు నడిస్తేనే నా బ్యాటరీలు అమ్ముడుపోయేది. కానీ పెద్దబాపు కాలు పోయుంటే మాత్రం అసలు సంగతి చెప్పేదాన్నే."

ఆ చల్లని మాటకు కూడా పాషాకు అసూయే కలిగింది. తనైతే అట్లా ఊరుకునేవాడు కాదు. ఆ సంగతి తనకు బాగా తెలుసు.

అటునుంచి అటే పోచయ్య ఇంటికి వెళ్లాడు. మంచం మీద కాలు చాపుకున్న పోచయ్యకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

పోచయ్య మోచేతి మీద లేచి చూశాడు. "నా బండికే చేస్తివా పాషా?" అన్నాడు.

"బండి మీద కోపం గాదన్నా. నువ్వామె మాట ఇంటుంటే ఓర్వలేకపోయిన."

పోచయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. పాషా వాకిట్లో కూర్చుని నట్టు విప్పాడు, రంగంతా గీకి మళ్లీ బిగించాడు. బటన్ నొక్కగానే ఇంజను అందుకుంది. లోపలినుంచి ఎవరూ బయటికి రాలేదు. చాయ్ తాగుతావా అని లక్ష్మీబాయి అడగలేదు.

పోచయ్య మళ్లీ షెడ్డుకు వచ్చింది రెండు నెలల తర్వాత, గొలుసు బిగించుకోవడానికి. బండి గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఆ తర్వాత మెల్లగా ఊరి సంగతులు మొదలుపెట్టాడు.

ఇప్పుడు పాత బండికి సెల్ఫ్ పెట్టమని ఎవరొచ్చినా, బ్యాటరీ కోసం పాషా వాళ్లను రుచిత దగ్గరికే పంపుతాడు. వాళ్లు తిరిగొచ్చి ఆమెను పొగిడితే కడుపులో ఇంకా మండుతుంది. ఆ మాట జోహ్రాతో ఒప్పుకున్నాడు కూడా. అట్లా మండినప్పుడు చేతిలో పానా కింద పెట్టి, షెడ్డు బయటికి వెళ్లి కాసేపు నిలబడతాడు. తగ్గాకే మళ్లీ బండి ముడతాడు.