ఇరవై దగ్గర రాని రంగు

ఉన్నత మాధ్యమిక పాఠశాల రసాయనశాలలో ఇరవై రెండేళ్ళుగా ద్రావణాలు కలుపుతున్న ఆమెను పిల్లలందరూ చుక్కత్త అనే పిలుస్తారు. బ్యూరెట్ గొట్టం కుళాయి తిప్పే ప్రతి చేతి వెనకా నిలబడి "చుక్క, చుక్క" అని హెచ్చరిస్తూ ఉండటం వల్ల వచ్చిన పేరది. హాజరు పట్టీలో ఆమెకు వేరే పేరుంది. దానితో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు.

నేనూ ఆమె దగ్గరే గాఢత నేర్చుకున్నాను. పాఠం చెప్పేది మాస్టారు. అర్థం చేయించేది ఆమె. లీటరు ద్రావణం తయారు చెయ్యమంటే ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు లీటరు నీళ్ళు కొలిచి తెచ్చి అందులో స్ఫటికాలు పోస్తారు. చుక్కత్త దాన్ని వాళ్ళ చేతే తొట్టిలో ఒంపించేది.

"లీటరు నీళ్ళు పొయ్యడం వేరు, లీటరు దాకా నింపడం వేరు. ముందు గింజల్ని కరగనివ్వండి. అవి తినే చోటు అవి తిన్నాక, కుప్పె మెడ మీద గీత వరకే నీళ్ళు. గీత దాటిందా, దేవుడు దిగొచ్చినా వెనక్కి రాదు."

ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి చెప్పిన ఈ మాట, పట్టాలు పుచ్చుకున్న చాలామందికి ఇప్పటికీ పట్టుబడలేదు.

అయితే ఆమెకు తెలియనిది ఒకటుంది. లీటరుకు ఆక్సాలిక్ ఆమ్లం ఆరు గ్రాముల మూడు వందల మిల్లీగ్రాములు అని, ఎప్పుడో బదిలీ అయిపోయిన ఒక మాస్టారు రాసిచ్చిన కాగితం అల్మారా తలుపు లోపలివైపు అతికించి ఉంటుంది. ఆ అంకె ఎలా వచ్చిందో ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ తూకంతో కలిపితే, ఇరవై మిల్లీలీటర్ల ఆమ్లంలో ఇరవై మిల్లీలీటర్ల క్షారం పడగానే గులాబీ రంగు వచ్చేది. ఏటా అంతే. ఆ ఇరవై అన్న జవాబు అన్నల నుంచి తమ్ముళ్ళకు, అక్కల నుంచి చెల్లెళ్ళకు చేరిపోయేది. పిల్లలు రంగు కోసం ఎదురుచూడటం మానేసి అంకె కోసం ఎదురుచూడటం నేర్చుకున్నారు. ఇప్పటి మాస్టారికి ఇది తెలుసు. ఫలితాలు బాగున్నాయని ఊరుకున్నారు. దీన్ని బోధన అనడానికి నాకు నోరు రాదు.

ఈ ఏడు వార్షిక ప్రయోగ పరీక్షకు నలభై మంది హాజరయ్యారు. ముప్పై తొమ్మిది మంది ఇరవై అనో, దానికి ఒక గీత అటూ ఇటూగానో రాశారు. ఊళ్ళోని టైలరు కూతురు ఒక్కతే మూడుసార్లూ ఇరవై ఎనిమిది అని రాసింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ పిల్లను ఫెయిల్ చేశాడు. ఆమెకు నర్సింగు కోర్సులో సీటు వచ్చి ఉంది. నెల రోజుల్లోగా ఉత్తీర్ణత పత్రం చూపకపోతే ఆ సీటు మరొకరిది అవుతుంది.

ఫలితాలు వచ్చిన మర్నాడే ఆ పిల్ల రసాయనశాలకు వచ్చింది.

"అత్తా, తప్పు నా చేతిలో ఉందో నీ సీసాలో ఉందో చూడాలి."

"నా సీసాలోనా? నువ్వు పుట్టక ముందు నుంచీ కలుపుతున్నానే."

"మరింకేం, భయమెందుకు? చూద్దాం రా."

పరీక్షలో మిగిలిన ద్రావణం ఇంకా ఉంది. చుక్కత్త స్వయంగా బ్యూరెట్ తిప్పింది. ఇరవై దాటింది, రంగు లేదు. ఇరవై అయిదు దాటింది.

"కళ్ళజోడు మార్చాలేమో," అంది.

ఇరవై ఎనిమిది దగ్గర రంగొచ్చింది. అప్పుడామె అల్మారా అడుగున మిగిలిన పాత డబ్బా తీసి, అందులోని ఆమ్లంతో అదే తూకం లెక్కన కొద్దిగా ద్రావణం కలిపి చూసింది. దానికి ఇరవై దగ్గరే వచ్చింది. పిల్ల పాత డబ్బానూ ఈ ఏడు వచ్చిన కొత్త డబ్బానూ పక్కపక్కన పెట్టి చీటీలు చదివింది.

"పాతదాంట్లో గింజలోనే నీళ్ళు ఇమిడి ఉన్నాయి అత్తా. తూకంలో అవీ కలిసేవి. కొత్తదాంట్లో నీళ్ళు లేవు, అంతా ఆమ్లమే. అదే తూకం వేస్తే గాఢత ఎక్కువ కాక ఏమవుతుంది?"

చుక్కత్త రెండు చీటీలనూ తన వైపు తిప్పుకుంది. "అంటే నలభై మందికీ ఇరవై ఎనిమిదే రావాలిగా."

"రంగు రాకముందే రాసేశారు. నా పక్కనున్నది నాకూ చెప్పింది, ఇరవై వేసుకోవే పిచ్చిమొహమా అని."

చుక్కత్త రెండు డబ్బాలూ పట్టుకుని మాస్టారి దగ్గరకు వెళ్ళింది. ఆయన తలుపు దగ్గరగా వేసి మాట్లాడారు.

"ఒక్కదాని కోసం ముప్పై తొమ్మిది మందిని బజారున పడేస్తావా? సరుకు మారితే నాకు చెప్పాల్సింది నువ్వు. పోతే నీ ఉద్యోగమే పోతుంది, గుర్తుపెట్టుకో."

"సరుకు చూసుకున్నట్టు సంతకం మీదే కదా సార్?"

"సంతకం పెట్టినవాడు కలిపినవాడు కాదు."

చట్టం చదువుకున్నదానిగా నేను చెప్పగలను: బాధ్యత సంతకం పెట్టినవాడిదే. కానీ ఆ సాయంత్రం ఆమె పరీక్షాధికారులకు అర్జీ రాయించుకోవడానికి నా దగ్గరకు వచ్చినప్పుడు నేను చూపించిన తెలివి మాస్టారి తెలివికంటే గొప్పదేమీ కాదు. ఆమెను కాపాడాలన్న తొందరలో, "సరఫరాలో వచ్చిన మార్పు కారణంగా పొరపాటు జరిగి ఉండవచ్చు" అని రాశాను. ఆమె వేలు పెట్టి చదువుకుంటూ అక్కడ ఆగింది.

"జరిగి ఉండవచ్చు ఏంటే?"

"అలా రాస్తే విచారణలో నిన్ను పట్టుకోలేరు అత్తా."

"నన్ను పట్టుకోలేకపోతే ఆ పిల్లను నమ్మేదెట్లా? తూకం వేసింది నేను. జరిగింది అని రాయి." కాగితం నా వైపు తోసింది. "మాస్టారి సంతకం సంగతీ రాయి. ఆయన వాటా ఆయనకి పంచకపోతే చిన్నబుచ్చుకుంటారు."

కొట్టివేసి మళ్ళీ రాశాను. అడిగిన చోట ఆమె సంతకం పెట్టింది.

పరీక్ష అందరికీ రద్దయింది. రెండు వారాల తర్వాత మళ్ళీ పెట్టారు. ఈసారి ద్రావణాలను బయటివారే వేరే గాఢతతో కలిపి తెచ్చారు. టైలరు కూతురు గట్టెక్కింది, సీటు నిలిచింది. పదకొండు మంది తప్పారు. విచారణ ముగిసేదాకా చుక్కత్త రసాయనశాలలో అడుగు పెట్టకూడదని ఉత్తర్వు వచ్చింది. మాస్టారిని సంజాయిషీ మాత్రం అడిగారు.

ఫలితాలు అంటించిన రోజునే ఆమె వెళ్ళి రసాయనశాల తాళంచెవులు అప్పగించింది. తిరిగి వస్తుంటే, తప్పిన ఒక అమ్మాయి తల్లి గేటు దగ్గర అడ్డం నిలబడింది.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే మా పిల్ల పాసయ్యేది."

"అయ్యేదమ్మా," అంది చుక్కత్త.

"మరి నువ్వు బావుకున్నదేంటి?"

తల్లి భుజం వెనక తల దించుకున్న పిల్ల వైపు తిరిగింది చుక్కత్త.

"ఎంత రాశావే?"

"ఇరవై."

"ఇరవైకి రంగొచ్చిందా?"

"రాలేదు."

"మరి పోస్తూ ఉండొచ్చుగా?"

"ఎంతసేపు పొయ్యాలో తెలీలేదు అత్తా. భయమేసింది."

"రేపు రా. నేర్పిస్తాను," అంది చుక్కత్త.

"ఎక్కడికి రమ్మంటావు?" అంది తల్లి. ఆ అడగడంలో కోపం లేదు; నిజంగానే అడిగింది.

చుక్కత్త చెయ్యి అలవాటుగా తాళంచెవుల కోసం నడుము దగ్గరకు వెళ్ళింది; అవి అక్కడ లేవు. లోపల బడి గంట కొట్టారు. ముగ్గురిలో ఎవరూ కదలలేదు.