వదిన తాళి పడని ఎక్స్-రే పలక

నవ్వండి, నవ్వండి. వదిన చేతి ముద్దలు తిని పెరిగిన నోరిది, అబద్ధం చెప్పదు. ఇది జరిగింది... నా చేతుల్లోనే జరిగింది.

అప్పుడు నేను పుదుచ్చేరిలో ఒక ఫ్రెంచి డాక్టరు దొర దగ్గర ఉంటిని. ఎక్స్-రే మిషన్ కొత్తగా వచ్చింది. గాజు పలక మీద ఎముకల బొమ్మ పడేది. ఆ పలకలు చీకటి గదిలో కడిగేది నా పని.

అమ్మ పోయినాక నన్ను పెంచింది వదినే. అన్న ఓడెక్కి సైగాన్ పోయి ఫ్రెంచోళ్ళ కొలువులో చేరినాడు. మూడు నెలలుగా జాబు లేదు. వదిన పైకి చెప్పదు గానీ, తపాలావాడు ముత్తియాల్‌పేటలో మా వీధి తిరిగితే చాలు, వాకిట్లో నిలబడేది. పైగా విడవని దగ్గు. నేనే బతిమాలి దొర దగ్గరికి పిల్చుకోని పోయినాను.

గదిలో వెలుతురు పడకూడదని దొర రాత్రిపూటే మిషన్ పెట్టేవాడు. "మెడలో బంగారం తీయమను, బొమ్మకు అడ్డం" అన్నాడు.

నేను ఆ మాట చెప్పంగానే వదిన రెండు చేతులా తాళి పట్టుకునింది. "మెడైనా తీసిస్తాను గానీ ఇది తీయను. ఆయన యాడో సముద్రం అవతల ఉండాడు. నీకు బుద్ధుందా నాయనా?"

దొర నవ్వి సరేలే అన్నాడు. దీపం ఆర్పినాను. టప్... టప్... టప్... నిప్పురవ్వల చప్పుడు. గాజుబుడ్డిలో పచ్చని వెలుగు. ఏదో కాలిన వాసన. వదిన దగ్గు బిగబట్టుకోని నిలబడింది.

పలక తీసుకోని చీకటి గదిలోకి పోయినాను. ఎర్రదీపం. మందునీళ్ళల్లో పలకను ఊపుతా ఉన్నాను... పక్కటెముకలు ఒక్కొక్కటే పైకి తేలినాయి. మెడ ఎముక వచ్చింది. తాళి...

రాలేదు.

ఇంకా ఊపినాను. బంగారు బిళ్ళలు రెండూ ఎముకల కంటే తెల్లగా పడాల గదా! ఆ తావున ఏమీ లేదు. అన్న మొహం కండ్ల ముందుకొచ్చింది.

బైటికొస్తే వదిన బెంచీ మీద కూచోనుంది. తాళి మెడలోనే ఉంది.

"ఏంది నాయనా, మొహం అట్లుంది?"

ఒక్క అబద్ధం ఆడినాను, అదీ వదినతోనే. "పలక చెడిపోయింది. ఇంకోటి తీయాల వదినా."

రెండో పలకలో తాళి తెల్లగా, ముచ్చటగా ఉంది. ఊపిరితిత్తులు బాగుండాయని దొర దగ్గుమందిచ్చి పంపినాడు. మొదటి పలకను నేను సముద్రంలో పారేసినాను.

ఆరు నెలలకు అన్న ఓడ దిగినాడు. చిక్కి సగమైనాడు. ఆడ జ్వరమొచ్చి ఒక రాత్రి తెలివి తప్పితే, పోయినాడనుకోని శవాల పక్కన పండబెట్టినారంట. "ఏ రాత్రి అన్నా?" అంటే, "తెలివుంటే గదరా తెలిసేదానికి!" అని నవ్వినాడు. వదిన నవ్వలేదు. నా ఆకులో ఇంకో చేపముక్క వేసింది.

నా మాట తీసేయలేక, నేను దీపమార్పిన ఆ చీకట్లో చప్పుడు కాకుండా తానే తాళి తీసిందేమో... అడిగితే ఒక్క మాటతో తేలిపోతుంది. తీసినానంటే, ఆమె ఇంక అన్న మొహం చూడలేకపోతుంది. తీయలేదంటే... నేను దీపమార్పి పండుకోలేను.

వదినంటే నాకు ప్రాణం. ఇన్నేండ్లైనా అడగలేదు.